తెల్లబడిన ప్లగ్గు

మావాడికి పదిహేడు నిండగానే సైకిలుకి ఇంజను తగిలించే పిచ్చి పట్టింది. ఇక్కడ అమెరికాలో ఆ కిట్ అట్టపెట్టెలో ఇంటికే వచ్చేస్తుంది. పెట్టె మీద 80 సీసీ అని ఉంటుంది గానీ, 47 మిల్లీమీటర్ల బోరు, 38 మిల్లీమీటర్ల స్ట్రోకు పెట్టి లెక్క కడితే నిండా 66 కూడా రాదు. ఆ లెక్క కట్టి చూపించింది నేనే. మా ఆయన "ఇవన్నీ నాకు చెప్పకండి" అని ఆఫీసు కాల్లోకి వెళ్లిపోయారు. గరాజ్‌లో టార్చి పట్టుకునే పని నాకు పడింది.

కిట్‌తో వచ్చిన కార్బ్యురేటర్ తీసేసి, డెల్లార్టో నమూనాలో చేసిన 15 మిల్లీమీటర్లది తెప్పించుకున్నాడు. దానికి తగ్గ ఇన్‌టేక్ గొట్టం, స్పాంజి ఫిల్టరు కూడా. బిగించాక బండి గాల్లో తేలినట్టు పోయింది. "అమ్మా, ఎంత స్మూత్‌గా ఉందో!" అంటూ వచ్చాడు. ప్లగ్గు విప్పి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

ప్లగ్గు కొన లేత కాఫీ రంగులో ఉండాలి. నల్లగా, తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. తెల్లగా ఉంటే గాలి ఎక్కువై లోపల కాలిపోతున్నట్టు. మా నాన్న తన లూనాకి పెట్రోల్లో ఆయిల్ కలిపించి పోయించేవారు, ఇదీ ఆ జాతి ఇంజనే. దీనికి నూనె విడిగా పోయరు. పెట్రోలు తగ్గిందంటే పిస్టన్‌కి అందే నూనె కూడా తగ్గినట్టే. వేడికి ఉబ్బి పిస్టన్ పట్టేసిందంటే, చెయిన్‌తో కట్టి ఉన్న వెనకచక్రం కూడా ఉన్నపళంగా ఆగిపోతుంది. ఆ క్షణంలో క్లచ్ నొక్కాలని ఎవరికి తోస్తుంది?

"పెద్ద జెట్టు వేసేస్తా" అన్నాడు. ముందు గాలి ఎక్కడ దూరుతోందో చూడరా అన్నాను. ఇంజను వేడెక్కకముందే ఐడిల్‌లో పెట్టి, ఇన్‌టేక్ సిలిండర్‌కి అతికే చోట కార్బ్ క్లీనర్ రవ్వంత కొట్టాడు. చప్పుడు మారిపోయింది. దొంగ దొరికాడు. అక్కడి ఫ్లాంజ్ చదునుగా లేదు. నా వంటగది గ్రానైట్ మీద ఉప్పుకాగితం పరిచి, గంధం అరగదీసినట్టు గుండ్రంగా, నెమ్మదిగా రుద్దాం. కొత్త గాస్కెట్ వేశాం. రెండు రోజులు వంటగదంతా పెట్రోలు కంపు. రసం కూడా అదే వాసన వస్తోందని మా ఆయన సణుగుడు.

ఆ తర్వాత జెట్లు. వాటి మీద అంకె మిల్లీమీటరులో నూరోవంతు. 70 అంటే రంధ్రం 0.70 మిల్లీమీటర్లు, అంతే! పెద్దదాంతో మొదలుపెట్టి కిందికి దిగాలి. అలా అయితే పొగొస్తుంది, తడబడుతుంది గానీ ఇంజను కాలదు. 80 వేస్తే గడగడలాడుతూ ఎద్దుబండిలా నడిచింది. మూడు శనివారాలు పట్టింది. 74 దగ్గర ప్లగ్గు కాఫీ రంగుకొచ్చింది.

మొదటిరోజు కన్నా స్పీడు కాస్త తగ్గింది. వాడికి అదే బాధ. "72 వేస్తే ఇంకొంచెం పోతుందమ్మా" అని నా వెనకే తిరుగుతున్నాడు. ఆ 72 జెట్టు నా పోపులపెట్టెలో, జీలకర్ర కింద ఉంది.

నిన్న మా ఆయన గరాజ్‌లోకొచ్చి, ఆ ప్లగ్గుని వెలుతురులో తిప్పితిప్పి చూశారు. "నాకు సరిపోయే హెల్మెట్ ఉందా?" అని అడిగారు.