ఒక్క పాచికే వేసే అమ్మ

ఫిబ్రవరి హాఫ్ టర్మ్ సెలవులు. నాలుగు రోజులుగా ఒకటే వాన. మా పదమూడేళ్ళ వాడు భోజనానికి తప్ప గదిలోంచి బయటికి రావడం లేదు. ఏమడిగినా "ఫైన్" అన్న ఒక్క మాటే. అలాంటివాడు బుధవారం పొద్దున్న తనంతట తనే వచ్చి, "అమ్మా, నాతో ఒక గేమ్ ఆడతావా? ఫ్రెండ్ ఊరెళ్ళాడు" అన్నాడు. పొయ్యి మీద పప్పు ఉంది. మంట తగ్గించి వెళ్ళాను.

బల్ల మీద ఆకుపచ్చ తువ్వాలు, దాని కింద పుస్తకాలు పెట్టి కొండలు. నా పోపులపెట్టె గిన్నెలు రెండు బావులయ్యాయి. బొటనవేలంత బొమ్మలు, రంగులు వాడే వేసుకున్నాడు: ఈటెలు పట్టిన మనుషులు, గాబ్లిన్లు, ఒక లావాటి ట్రోల్. ఆట పేరు సాంగ్ ఆఫ్ బ్లేడ్స్ అండ్ హీరోస్. ఇటలీకి చెందిన ఆండ్రియా స్ఫిలిగోయ్ రాసిన రూల్స్, 2007లో వచ్చాయి. ఆయన సంస్థ పేరు గణేశ గేమ్స్! అది చూడగానే నా భయం సగం పోయింది.

ఇలాంటి ఆటలంటే దిండంత రూల్స్ పుస్తకం, వందల బొమ్మలు అనుకునేదాన్ని. దీనికి ఒక్కొక్కరికి 300 పాయింట్ల సైన్యం, అంటే పదిలోపు బొమ్మలే. ఏ కంపెనీవైనా ఫరవాలేదు. ఒక్కో బొమ్మకి రెండే అంకెలు, క్వాలిటీ, కంబాట్. దూరం కొలవడానికి పొట్టి, మధ్య, పొడుగు అని మూడు పుల్లలు.

అసలు కిటుకు పాచికల్లో ఉంది. ఒక బొమ్మని కదపాలంటే దానికి ఒకటా, రెండా, మూడా, ఎన్ని పాచికలు వేస్తామో ముందే చెప్పాలి. క్వాలిటీ అంకె గానీ అంతకు మించి గానీ పడిన ప్రతి పాచికకీ ఒక పని. నడవొచ్చు, కొట్టొచ్చు. రెండు తప్పాయా, మన వంతు అయిపోయినట్టే. మిగతా బొమ్మలన్నీ నిలబడ్డచోటే ఉండిపోవాలి. అష్టాచెమ్మాలో గవ్వలు ఎన్ని వెయ్యాలో మనల్నెవరూ అడగరు. ఇక్కడ అడుగుతారు.

నేను ప్రతిసారీ ఒకటే వేశాను.

వాడు కాసేపు చూసి లెక్క చెప్పాడు. క్వాలిటీ నాలుగున్నవాడికి రెండు వేస్తే నాలుగింట ఒకసారి వంతు పోతుంది, మూడు వేస్తే సగం సార్లు పోతుంది. ఒకటే వేస్తే ఎప్పటికీ పోదు.

"మరి ఒకటే మంచిది కదరా?"

"మంచిదే. కానీ నువ్వు ఎక్కడికీ వెళ్ళవు." నిజమే, నా వాళ్ళింకా తువ్వాలు అంచునే ఉన్నారు. తల ఎత్తకుండానే ఇంకో మాట అన్నాడు. "డ్రైవింగ్ లాగే."

డ్రైవింగ్ టెస్ట్ రెండుసార్లు తప్పాను. రెండోది రౌండబౌట్ దగ్గర, పూర్తిగా నా తప్పే. అది జరిగి పది నెలలు. థియరీ పాసైతే ఇక్కడ రెండేళ్ళే చెల్లుతుంది, నాది ఆగస్టుతో సరి. వాడు క్రికెట్ బ్యాగ్ మోసుకుంటూ వానలో నాతో బస్‌స్టాపులో నిలబడ్డప్పుడు ఒక్కనాడూ ఏమీ అనలేదు. గమనించలేదనుకున్నాను.

కోపం వచ్చింది. పప్పు వంకతో లేచిపోదామనుకున్నాను కూడా. లేవలేదు. నా ఈటెగాడికి మూడు పాచికలు వేశాను. రెండు, మూడు, అయిదు. ఒక్క అడుగు వేసి ఆగిపోయాడు, వంతు పోయింది. వాడి ట్రోల్ వచ్చి నా సేనాని మీద పడింది. పోరాటంలో ఇద్దరూ ఒక్కో పాచిక వేసి కంబాట్ కలుపుకోవాలి. గెలిచినవాడిది రెండింతలైతే ఓడినవాడు చచ్చినట్టు. మూడింతలైతే ఘోరమైన చావు, దగ్గరున్న తోటివాళ్ళు ధైర్యానికి పాచికలు వేసుకోవాలి. సరిగ్గా మూడింతలే అయింది. మా వాళ్ళు తువ్వాలు దిగి పరుగో పరుగు. వాడు పగలబడి నవ్వాడు. నాకూ నవ్వాగలేదు.

రెండో ఆటలో కిటుకు నాకే తట్టింది. ముందు ఒక్కో పాచికతో అందర్నీ కదిపి, చివరివాడికి మాత్రం మూడు వెయ్యడం. అయినా ఓడాను, కానీ ట్రోల్‌ని చంపాను. రూల్స్‌లో నాకు నచ్చనిదీ ఒకటుంది. మంచి క్వాలిటీ ఉన్న వీరుడే పనంతా చేస్తాడు, మిగతావాళ్ళు పెళ్ళికొచ్చిన చుట్టాల్లా నిలబడతారు.

పప్పు అడుగంటింది. పెరుగన్నమే తిన్నాం.

రాత్రి టెస్ట్ తేదీలు వెతికితే జూన్ దాకా ఖాళీల్లేవు. జూన్‌లోనే ఒకటి తీసుకున్నాను. వాడికింకా చెప్పలేదు. ఆదివారం ఆటకి ట్రోల్‌ని నాకిస్తానన్నాడు, ముందు ఆ సంగతి చూసుకోవాలి.