గొట్టానికి గోనెపట్టా

మే నెల మధ్యాహ్నం జుగ్సలాయిలో కుళాయి తిప్పితే వచ్చే మొదటి చెంబు నీళ్లతో టీ పెట్టుకోవచ్చనిపిస్తుంది. మా మావయ్య ఇంట్లో డాబా మీది ట్యాంకు నుంచి వంటింటి దాకా పది మీటర్ల పీవీసీ గొట్టం పడమటి గోడ మీదే దిగుతుంది. నీడ అన్నది లేదు.

శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఉక్కు కర్మాగారంలో రిటైరైన మావయ్య, క్వార్టరు ఖాళీ చేశాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. జంషెడ్‌పూర్ కంపెనీ చూసుకునే ఊరు. దాన్ని ఆనుకునే ఉన్నా జుగ్సలాయిది వేరే మునిసిపాలిటీ. క్వార్టర్లో గొట్టం పగిలితే ఫిర్యాదు రాసి కూర్చునేవారు. ఇక్కడ నిచ్చెనెక్కాల్సింది ఆయనే, డెబ్భై ఏళ్ల వయసులో. పొలిటికల్ సైన్స్ పీజీలో నేను బట్టీపట్టిన స్థానిక పాలన పాఠాల్లో ఈ నిచ్చెన లేదు.

ఓ రాత్రి ఎల్బో ఊడిపోయి తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ. మోకాళ్ల నొప్పుల అత్తయ్య రెండు రోజులు బకెట్లు మోసింది. మూడో రోజు, "ఊరెళ్లిపోదాం" అంది. మావయ్య మాట్లాడలేదు.

తప్పు ఎల్బోది కాదు. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు మారితే పది మీటర్ల పీవీసీ సుమారు రెండు సెంటీమీటర్లు సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. మేస్త్రీ క్లాంపులు బిగించేసి దానికి కదిలే చోటు లేకుండా చేశాడు. పైగా ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది.

సిమ్లాలో గొట్టాలకు తొడుగులేసేది చలికి. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బి గొట్టాన్ని చీల్చేస్తుంది. మా శత్రువు ఎండ. క్లాంపులు వదులు చేశాం. తెల్ల ఎమల్షన్ రంగు పూశాం (ఆయిల్ పెయింటు వద్దు, అందులోని ద్రావకాలు పీవీసీకి పడవు). దాని మీద ఫోమ్ తొడుగు, ఆపైన గోనెపట్టా.

"ఏట్రా, గొట్టానికి చీర కడతన్నావా?" అన్నారు మావయ్య, నిచ్చెన పట్టుకుని.

తొడుగు వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుందంతే. గంటల తరబడి కదలని నీళ్లు ఎలాగూ కాగుతాయి. అందుకే గోడకు అడుగు ఎడంగా ఓ రేకు కూడా కట్టాం. నిజానికి ముందు చేయాల్సింది అదే.

మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య కుళాయి కింద చెయ్యి పెట్టి చూసింది. ఏమీ అనకుండా బియ్యం కడగడం మొదలుపెట్టింది.