గోదారి మాట వినిపించాలంటే...

గండిపోచమ్మ గుడి దగ్గర లాంచీ ఎక్కాం. అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి వచ్చినవాళ్లు, చేతిలో టిఫిన్ పొట్లాలతో పిల్లలు, సెల్‌ఫోన్లు సర్దుకుంటున్న కుర్రాళ్లు... పై అంతస్తు అప్పటికే నిండిపోయింది. మాకు కింద, వెనకవైపు చోటు దొరికింది. సరిగ్గా ఇంజిన్ గదిని ఆనుకుని! గైడు మైకు పట్టుకుని లైఫ్‌జాకెట్ ఎలా వేసుకోవాలో చెప్పడం మొదలుపెట్టాడు. అంతలో ఇంజిన్ స్టార్టయింది. డగ్‌డగ్‌డగ్... ఆ తరువాత గైడు పెదాలు కదలడమే కనిపించింది. పక్కన కూర్చున్న పెద్దావిడ 'ఏమంటున్నాడమ్మా?' అని మనవరాలిని మూడుసార్లు అడిగింది. ఆ పిల్లకీ వినపడలేదు. చివరికి ఎదుటి బెంచీవాళ్లను చూసి బెల్టులు బిగించుకున్నాం.

లాంచీ దేవీపట్నం దాటింది. పోలవరం నీళ్లతో ఊరు ఖాళీ అయిపోయింది. అక్కడి నుంచి రెండు ఒడ్డులూ దగ్గరవుతూ వస్తాయి. ఇక కచ్చులూరు. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో పర్యాటక బోటు మునిగి పదుల మంది ప్రాణాలు పోయింది ఇక్కడే. ఆ చోటు రాగానే పెద్దవాళ్లు కొందరు నీళ్లకేసి చేతులు జోడించారు. గైడు ఏదో చెప్పాడు. అదీ వినపడలేదు.

పాపిడి తీసినట్టు కొండలను చీల్చుకుని గోదారి వచ్చే దృశ్యం చూడాలంటే అదృష్టం ఉండాలి. చుట్టూ 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన అడవి. కానీ ఇంత అందాన్నీ మూకీ సినిమాలా చూడాల్సి వచ్చింది. పైగా ఇంజిన్ మోత దాటి వినపడాలని పైన డ్యాన్సు పాటల సౌండు పెంచారు. పాటల హోరుకు జనం గొంతులు పెంచారు. కొండలు ఆ మొత్తాన్నీ పోగుచేసి మళ్లీ మా మీదికే విసిరాయి.

ఊపిరాడాలి కదండీ!

పేరంటాలపల్లి రేవులో లాంచీ ఆగింది. ఇంజిన్ ఆపగానే చెవుల్లోంచి దూది తీసేసినట్టయింది. శివాలయం వైపు మెట్లెక్కుతుంటే కొండ మీంచి జారే నీళ్ల గలగల. కొండరెడ్ల ఆడవాళ్లు వెదురు బుట్టలు, పూలసజ్జలు పేర్చుకుని బేరాలాడుతున్నారు. ప్రతి మాటా స్పష్టంగా వినపడుతోంది. జనమంతా గుడికి వెళ్లాక సరంగు దగ్గర కూర్చుని, 'ఈ మోత కాస్త తగ్గించకూడదా బాబాయ్?' అని అడిగాం.

ఆయన నవ్వారు. 'తగ్గించొచ్చండి. గొట్టానికి గట్టి సైలెన్సరొకటి బిగిస్తే చప్పుడు చస్తది. దాంతోపాటు ఇంజినూ చస్తది. ఊపిరాడాలి కదండీ! మేం ఏటికి ఎదురెళ్లేవాళ్లం. సుడి లాగినప్పుడు ఇంజిన్ అందుకోకపోతే ఏమవుద్దో మీకు నేను చెప్పాలా?' అన్నారు.

ఆయన భయం అబద్ధం కాదు. సిలిండర్‌లో డీజిల్ మండాక పొగ ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. ఆ తన్నే మనకు వినపడే 'డగ్'. ఆరు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 1,800 సార్లు తిరిగితే ఇలాంటి తన్నులు సెకనుకు 90. ఆ పొగకు దారి ఇరుకైతే కొంత సిలిండర్‌లోనే ఉండిపోతుంది. అంతమేర కొత్త గాలికి చోటుండదు. గాలి చాలక డీజిల్ సరిగా మండదు. నల్లపొగ, వేడి, ఎక్కువ ఖర్చు, తక్కువ లాగుడు... అన్నీ ఒకేసారి మొదలవుతాయి. మెకానిక్కులు దీన్నే బ్యాక్ ప్రెషర్ అంటారు.

అలాగని మోతంతా బలం కాదు. చప్పుడు తగ్గాలంటే దారి మూయనక్కర్లేదు, పొగ తన్నును మెత్తబరిస్తే చాలు. అందుకు మందు పడవ చుట్టూనే ఉంది. నీళ్లు!

సముద్రంలో తిరిగే మరపడవల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతే ఇది. ఇంజిన్‌ను చల్లార్చి వచ్చిన నీటిని పొగగొట్టం వంపు దాటాక లోపలికి చిమ్ముతారు. నాలుగైదు వందల డిగ్రీల వేడితో వచ్చే పొగ చప్పున చల్లారుతుంది. చల్లారితే కుంచించుకుపోతుంది. 450 డిగ్రీల పొగ 60 డిగ్రీలకు దిగితే పరిమాణం సగానికన్నా తగ్గిపోతుంది. అదే గొట్టంలో ఇప్పుడు నెమ్మదిగా, తక్కువ చప్పుడుతో పోతుంది. ఊపిరీ ఆడుతుంది, నోరూ తగ్గుతుంది! పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటార్లలో చాలావాటికి పొగ ప్రొపెల్లర్ మధ్యలోంచి నీటి అడుగునే బయటికి పోతుంది.

ఈ సంగతి చెబితే సరంగు గారు తలూపి, వెంటనే ఇంకో చిక్కు చూపించారు. 'వరదొస్తే గోదారి నీళ్లు కాదండి, ఎర్ర బురద. అది పంపులోకెళ్తే రబ్బరు రెక్కలు ఉంటాయా?' నిజమే. ఈ పద్ధతికి నీటిని వడకట్టే జాలీ ఉండాలి, పంపు రెక్కలను తరచూ చూసుకోవాలి. గొట్టం అమరిక తప్పితే నీళ్లు వెనక్కి వెళ్లి ఇంజిన్‌లో చేరే ప్రమాదమూ ఉంది. తెలిసినవాళ్లే బిగించాలి.

నీళ్లు వద్దనుకుంటే పొడి సైలెన్సర్లూ ఉన్నాయి. అయితే పెద్దది పెట్టాలి. లోపల పొగ విచ్చుకోవడానికి గది, చప్పుడు పీల్చే దూదిలాంటి పొర ఉండాలి. గొట్టం వెడల్పుగా, వంపులు తక్కువగా ఉండాలి. ఎంత బ్యాక్ ప్రెషర్ దాకా ఫర్వాలేదో ఇంజిన్ తయారుచేసిన కంపెనీయే చెబుతుంది. గొట్టానికి చిన్న మీటరు తగిలించి ఫుల్ స్పీడులో చూస్తే, సైలెన్సర్ ఇంజిన్ గొంతు నొక్కుతోందా లేదా తేలిపోతుంది. ఇంజిన్ కింద రబ్బరు దిమ్మెలు, గది గోడలకు చప్పుడు ఆపే పలకలు వేస్తే పొగగొట్టం సంగతి పోగా మిగిలిన అదురూ తగ్గుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితే చాలు, చెవికి మోత దాదాపు సగమైనట్టు ఉంటుంది.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. యూరోపియన్ యూనియన్‌లో విహార పడవల ఇంజిన్ 40 కిలోవాట్లు దాటితే చప్పుడు పరిమితి 75 డెసిబెల్స్. ఆ పడవలు నత్తనడక నడవడం లేదు. నీళ్లు చీల్చుకుంటూనే పోతున్నాయి.

ఒక్క మాట వినపడితే...

కచ్చులూరు తరువాత రేవుల్లో కంట్రోల్ రూములు వచ్చాయి. ఒంటి మీద జాకెట్ లేకపోతే ఊరుకోవడం లేదు. మంచిదే. కానీ 'అందరూ ఒకవైపుకి రావద్దు' అని గైడు అరిస్తే వెనక బెంచీ పెద్దావిడకు వినపడాలి. ఎదురుగా వచ్చే లాంచీ హారన్, ఒడ్డు నుంచి జాలరి వేసే కేక సరంగుకు వినపడాలి. పడవలో నిశ్శబ్దం సుఖం కోసమే అనుకుంటాం కానీ అది రక్షణ కూడా.

తిరుగు ప్రయాణంలో పొద్దు వాలింది. ఈసారి ప్రవాహం వెంటే వెళ్తున్నాం. కొండల మధ్యకు రాగానే సరంగు గారు మా వైపు చూసి ఇంజిన్ బాగా తగ్గించారు. పైన పాటలూ ఆగాయి. ఇందాకటి మనవరాలు రెయిలింగ్ పట్టుకుని 'ఓ... గోదారీ!' అని అరిచింది. క్షణం ఆగి అవతలి కొండ 'దారీ...' అంది.

'వినపడిందే!' అంది మామ్మ, పొద్దుటి నుంచీ మొదటిసారి.