వగరుకు వెన్న తోడు

ఇటలీ వాళ్ళ బరోలో అనే ఎర్ర వైను గురించి ఎక్కడైనా చదివారా? మన వంటింట్లో దానికి చోటు లేదనుకోండి. అయినా అందులో మనకు పనికొచ్చే సంగతొకటుంది. పీడ్‌మాంట్ ప్రాంతంలో నెబ్బియోలో ద్రాక్షతో చేసి, కనీసం 38 నెలలు నిలవుంచుతారు. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్ల వల్ల నాలుక పట్టేసేంత వగరు. అందుకే పక్కన కొవ్వున్న మాంసమో, పాతబడిన చీజో పెట్టుకుంటారు. వాటిలోని మాంసకృత్తులు టానిన్లను పట్టుకోగానే వగరు తగ్గుతుంది.

ఈ కిటుకు మన అనంతపురం ఆడవాళ్ళకు కొత్తా, చెప్పండి! ఉలవల్లోనూ టానిన్లున్నాయి. రాత్రి నానేసి, పొద్దున మెత్తగా ఉడికించి, కట్టు వంచుకోండి. చింతపండు పులుసు, ఎండుమిర్చి వేసి సగమయ్యేదాకా మరిగిస్తే నల్లెరుపు తిరుగుతుంది. వేడి సంగటి ముద్దలో గుంట చేసి పోసుకుని, పైన వెన్నపూస. వెన్న లేకుంటే గడ్డపెరుగైనా సరే. గింజలు పారేయకండి, తిరగమోత పెడితే గుగ్గిళ్ళు.

జూన్, జూలైలో వాన మొహం చాటేసి శెనక్కాయ విత్తనం పడని ఏట, ఆలస్యంగా చేలో చల్లేది ఈ ఉలవలే. అందుకే మా ఇంట్లో ఉలవకట్టు వాసనంటే ఆ ఏడు అప్పు తీరదని అర్థం. చుట్టాలొస్తే మా అత్తగారు ఆ గిన్నె మీద మూతపెట్టి వెనక్కి జరిపేవారు, "ఎద్దుల దాణా తింటున్నారనుకుంటారే" అని.

మొన్న హైదరాబాదులో ఒక పెళ్ళి విందులో ఉలవచారు చిన్న కప్పుల్లో, మీగడ వేసి మరీ వడ్డించారు. అత్తగారు రెండోసారి అడిగి వేయించుకున్నారు.

"సంగటి కూడా చేయించి ఉంటే బాగుండు కదమ్మా" అన్నారు, కాస్త గట్టిగానే.