వేలు చూపని బుజ్జిగాడు

మాటలు రాని పిల్లవాడు ఇంట్లో ఉన్నాడంటే వచ్చే పోయే చుట్టాలందరూ వైద్యులే. "వసకొమ్ము అరగదీసి తేనెలో రంగరించి నాకించండి, వసపిట్టలా మాట్లాడతాడు" అంటారు ఒకరు. "నాలిక కింద నరం అడ్డుందేమో చూపించారా?" అంటారు ఇంకొకరు. మందు చెప్పడం అయ్యాక ఓదార్పు మొదలౌతుంది. మగపిల్లలకి మాటలు ఆలస్యమట. వాళ్ళ పెదతాతగారికి నాలుగో యేడు దాకా నోరు పెగల్లేదట, తరవాత ఆయనే ప్లీడరై కోర్టు దద్దరిల్లేటట్టు వాదించేవారట. ప్రతి ఇంట్లోనూ ఇటువంటి పెదతాతగారు ఒకరుంటారు. నాలుగో యేడు దాటినా నోరు పెగలని వాళ్ళ సంగతి ఎవరూ చెప్పుకోరు గనక మనదాకా రాదు, అంతే.

వసకొమ్ము మాత్రం మా ఇంట్లో వాడలేదు. పసివాళ్ళకి పట్టవద్దని పిల్లల డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

ఇంతకీ మా కోడలి బెంగ మాటల గురించి కాదు. అప్పటికి మా బుజ్జిగాడికి పదహారు నెలలు. ఆ వయసుకి నాలుగు మాటలు తక్కువైతే కొంప మునగదని తనకీ తెలుసు. ఒకనాటి రాత్రి వంటిల్లు సర్దుతూ, "అత్తయ్యా, వీడు వేలు పెట్టి దేన్నీ చూపించడం లేదు, గమనించారా?" అంది. "ఏదైనా కావాలంటే నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళి, నా చెయ్యి తీసి ఫ్రిజ్జు తలుపు మీద పెడతాడు. నా మొహంకేసి చూడనన్నా చూడడు. నేను మనిషిననే ధ్యాస ఉన్నట్టు లేదు వాడికి. తాళంచెవిని తీసి తాళానికి పెట్టినట్టు పెడతాడు."

ఆ తాళంచెవి అన్న మాట నా మనసులో గుచ్చుకుపోయింది.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. కళ్ళతో చూడనిదే ఏదీ నమ్మను. మర్నాడు డాబా మీద వాడికి అన్నం పెడుతూ పరీక్షగా చూశాను. పుచ్చపువ్వులాంటి వెన్నెల. "అదుగో చందమామ!" అని చెయ్యెత్తాను. వాడు నా చెయ్యి చూశాడు. గాజులు చూశాడు. వాటిని ఒకదానిమీద ఒకటి దొర్లించి సంబరపడ్డాడు. ఆకాశంవంక చూడలేదు. మూడుసార్లు చూపించాను. మూడుసార్లూ గాజులే.

మనకి బాగా అలవాటైపోయి గమనించం గాని, పిల్లల మాట నోట్లో పుట్టదు, చేతుల్లో పుడుతుంది. తొమ్మిది పది నెలలకి ఎత్తుకోమని రెండు చేతులూ చాపుతారు. చేతిలో ఉన్నది మనకి చూపిస్తారు, ఇస్తారు, మళ్ళీ లాక్కుంటారు. యేడాది నిండే వేళకి టాటా చెబుతారు. యేడాది దాటుతూ ఉండగా వేలు లేస్తుంది. ఏడాదిన్నరకి తమకి వింతగా కనిపించిన దాన్ని మనకి వేలితో చూపిస్తారు. రెండేళ్ళు వచ్చేసరికి రెండేసి మాటలు కలుపుతారు. నెల అటూ ఇటూ కావచ్చు, కాని వేలు ముందూ మాట వెనకాను. మన తెలుగులో "అదుగో", "ఇదుగో" అనే మాటలు చూడండి. వేలు లేకుండా ఎవరైనా "అదుగో" అనగలరా?

ఆ వేలిలోనూ రెండు రకాలున్నాయి. డబ్బాలో బిస్కెట్టుకేసి చూపించడం ఒకటి. అది "నాకు కావాలి" అని అడగడం. గోడమీద పిల్లి నడుస్తూంటే చూపించి మన మొహంకేసి తిరగడం రెండోది. ఆ పిల్లి వాడికి అక్కర్లేదు. "నేను చూశాను, నువ్వూ చూడు" అనడం అది. 1975లో ఎలిజబెత్ బేట్స్ అనే ఆవిడా, ఇద్దరు ఇటాలియన్ సహచరులూ కలిసి మాటలు రాకముందు పసిపిల్లలు చేసే ఈ సైగలను దగ్గరుండి పరిశీలించి, ఈ రెండింటికీ విడివిడిగా పేర్లు పెట్టారు. అడగడం ఆకలి కోసం. చూపించడం తోడు కోసం. పిల్లల డాక్టర్లు రెండోదాని గురించే ఎక్కువ అడుగుతారు.

ఈ సంగతులు ఇంట్లో చెబితే మా అబ్బాయికి కోపం వచ్చింది. "దణ్ణం పెట్టమంటే పెడతాడుగా!" అన్నాడు. పెడతాడు, నిజమే. ఆర్నెల్లపాటు వాడి రెండు చేతులూ మనమే పట్టుకుని జోడించగా జోడించగా వచ్చిన దణ్ణం అది. తనంతట తాను ఎప్పుడైనా ఎవరికైనా పెట్టాడా అని అడిగింది కోడలు. అబ్బాయి పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మగవాళ్ళకి భయం వేస్తే కోపంలా కనిపిస్తుందని ఇన్నేళ్ళ సంసారంలో నేను నేర్చుకున్నాను.

చుట్టాలు మాత్రం కారణం కూడా తేల్చేశారు. తల్లి ఉద్యోగానికి వెళ్ళడం. నా ఎదురుగానే అన్నారు. నేను ఊరుకోలేదు. ఇటువంటి నింద మన ఇళ్ళలోనే కాదు, పెద్ద పెద్ద డాక్టర్ల నోటా వచ్చింది. 1943లో బాల్టిమోరులో లియో కానర్ అనే డాక్టరు పదకొండుమంది పిల్లల్ని గురించి రాసి ఆటిజం అన్నదాన్ని సవిస్తరంగా వర్ణించాడు. ఆ తరవాత చాలా ఏళ్ళు, తల్లి మనసు చల్లబడిపోవడమే దీనికి కారణమని పడమటి దేశాల్లో నమ్మారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే ఆయన, తానూ అటువంటి పిల్లవాడికి తండ్రే, ఏకంగా ఒక పుస్తకం రాసి ఆ నిందని తోసిపుచ్చాడు. పుట్టుకతో మెదడు ఎదిగే తీరులోనే తేడా ఉందన్నాడు. ఆ తల్లులు అన్నేళ్ళూ ఎన్ని రాత్రులు ఏడ్చారో! మా ఆడపడుచుకి ఇదంతా వివరంగా చెప్పాను. "ఏమోనమ్మా, మా రోజుల్లో ఇవన్నీ లేవు" అని కాఫీ తాగి వెళ్ళిపోయింది. ఉండేవి. పేరు లేదు, అంతే. ఆ పిల్లల్ని పరధ్యానం పిల్లలనీ, మొండివాళ్ళనీ అనేవాళ్ళు.

మొదట చూపించిన డాక్టరు రెండు నిమిషాల్లో తేల్చేశాడు. "రెండేళ్ళు రానివ్వండమ్మా, అప్పటికీ మాట్లాడకపోతే చూద్దాం." బయట పాతికమంది కూర్చుని ఉన్నారు మరి. కోడలు ఫైలు మూసుకుని లేచింది. రిక్షా ఎక్కాక, "అత్తయ్యా, ఇంకొకరికి చూపిద్దాం" అంది. "పద" అన్నాను.

రెండో ఆవిడ సావకాశంగా చూసింది. ముందు చెవులు పరీక్ష చేయించమంది. పక్కగదిలో బిస్కెట్టు పొట్లం చప్పుడైతే పరుగెత్తుకొస్తాడు, వీడికి చెవుడేమిటి అన్నాడు మా అబ్బాయి. కొన్ని శబ్దాలు వినిపించి కొన్ని వినిపించని పిల్లలుంటారనీ, చప్పుడుకి తిరిగాడని పరీక్ష మానకూడదనీ చెప్పిందావిడ. చెవిలో చిన్న బిరడాలాంటిది పెట్టి సన్నని చప్పుడు పంపుతారు. లోపలి చెవి బాగుంటే అది తిరిగి అంతకన్నా సన్నగా పలుకుతుంది. ఆ పలుకుని యంత్రం పట్టుకుంటుంది. ఆ తరవాత నిద్రపుచ్చి, తలకి తీగలు అంటించి, శబ్దం నరాల వెంట మెదడు దాకా పోతున్నదీ లేనిదీ చూశారు. నొప్పి లేదు, సూది లేదు. నిద్రపుచ్చడమే గంటన్నర పట్టింది.

చెవులు బాగున్నాయన్నారు. వియ్యపురాలు ఫోనులో దేవుడికి దణ్ణం పెట్టుకుంది. కోడలు మాత్రం మెట్ల మీద కూలబడింది. "చెవి అయితే యంత్రం పెట్టించేవాళ్ళం కదా అత్తయ్యా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. పక్కన కూర్చున్నాను.

ఆ తరవాత ఎమ్‌చాట్ అనే ప్రశ్నల పత్రం. అమెరికాలో తయారై 2001లో అచ్చయింది, తరవాత సవరించారు. ఇప్పటి పత్రంలో ఇరవై ప్రశ్నలున్నాయి. పదహారు మొదలు ముప్ఫై నెలల పిల్లల కోసం. మొట్టమొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? గదిలో అవతలవైపు ఉన్నదాన్ని మీరు వేలితో చూపిస్తే పిల్లవాడు దానికేసి చూస్తాడా అని. నాకు డాబామీద గాజులు గుర్తొచ్చాయి. ఆ పత్రం ఏదీ తేల్చదు, ఇంకా జాగ్రత్తగా చూడవలసిన పిల్లలెవరో ఏరి చూపుతుంది, అంతే అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. పేరు పెట్టే తొందర లేదు, పని మొదలుపెట్టడానికి పేరు అక్కర్లేదు అంది. ఆ మాట నాకు నచ్చింది.

పనంటే ఏమిటనుకున్నారు? వారానికి రెండు రోజులు మాటలు నేర్పే అమ్మాయి దగ్గరికి, మిగతా రోజులు ఇంట్లో మేమే. వాడికిష్టమైన వస్తువులు కనబడేటట్టుగా, అందకుండా ఎత్తున పెట్టాలి. వాడు మన చెయ్యి లాగితే వెంటనే ఇచ్చెయ్యకుండా వాడి కళ్ళ ఎత్తుకి వంగి, మనసులో పది లెక్కపెట్టి ఆగాలి. ఒకసారి చూస్తే చాలు, అప్పుడు ఇవ్వాలి. వాడు చేసినదల్లా మనమూ చెయ్యాలి: గరిటె కొడితే గరిటె, బల్ల కొడితే బల్ల. ఆ పది లెక్కపెట్టడం ఉందే, అదే కష్టం! తాతగారి వల్ల కాదు. మావారు మూడుకే బిస్కెట్టు ఇచ్చేస్తారు.

మోకాళ్ళ నొప్పుల మనిషిని, నేల మీద చతికిలబడి తారంగం ఆడిస్తున్నాను, దాగుడుమూతలాడుతున్నాను. ఆ అమ్మాయి నేర్పినవాటిలో సగం మా అమ్మ మాకు ఆడించినవే. కాకపోతే మేము ఆడించి ఊరుకునేవాళ్ళం. ఈ అమ్మాయి ఆట మధ్యలో ఆపి, ఇంకా కావాలని వాడు అడిగేదాకా చూడమంటుంది. అన్నం పెట్టేటప్పుడు ఫోను బంద్. రెండేళ్ళలోపు పిల్లలకి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోను వల్లనే ఇలా అయిందని నేను అనను. కాని బొమ్మ ఆగదు, వాడి కళ్ళకోసం పది లెక్కపెట్టదు, మనిషే ఆగాలి.

ఖర్చు మాట కూడా చెప్పాలి. మాకు ఎలాగో జరుగుతోంది. జరగనివాళ్ళకి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని 2013 నుంచి ఉంది. పుట్టిన దగ్గరనుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల ఎదుగుదలలో లోటుపాట్లు ఉచితంగా చూస్తారు. అంగన్‌వాడీలకి వాళ్ళే వస్తారు. ఇంకా చూడవలసినవాళ్ళని జిల్లా కేంద్రానికి పంపుతారు. మా పనిమనిషి మనవరాలికి రెండున్నరేళ్ళు, పిలిస్తే తిరగదు. అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడి పంపించాను. సికింద్రాబాదులో 1984లో పెట్టిన జాతీయ సంస్థ కూడా ఇటువంటి పిల్లలకోసమే ఉంది.

ఇప్పుడు బుజ్జిగాడికి ఇరవై నెలలు. మాటలు రెండే: "ఆం", "తా". మొన్న ఆదివారం పెరట్లో వత్తులు చేసుకుంటున్నాను. వాడు గోడవార తిరిగి తిరిగి ఒక కాకి ఈక పట్టుకొచ్చాడు. నాకు ఇవ్వలేదు. నా మొహం ముందు ఎత్తి పట్టుకుని నా కళ్ళలోకి చూశాడు. "కాకి ఈక!" అన్నాను. మరొకసారి చూసి పరుగెత్తిపోయాడు.

కోడలు తలకి తువ్వాలు చుట్టుకునే వచ్చింది. "మీ కళ్ళలోకే చూశాడా? ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

నోటుపుస్తకం తెచ్చి తేదీ వేసి, "కాకి ఈక. మామ్మకి చూపించాడు. రెండుసార్లు" అని రాసుకుంది. వేలు ఇంకా లేవలేదు. ఫ్రిజ్జు దగ్గరికి ఇప్పటికీ మా చెయ్యి లాక్కునే వెళుతున్నాడు. వచ్చే నెల డాక్టరమ్మ మళ్ళీ రమ్మంది. ఆ పుస్తకం పట్టుకుని వెళతాం. ఈసారి మా అబ్బాయి సెలవు పెట్టుకున్నాడు.