ఒక్క అక్షరం

మా అమ్మకు సంతకం చేయడం కూడా రాదు. పలమనేరు దగ్గరి మా పల్లె దాటి ఆమె పెద్దగా తిరిగినదీ లేదు. అయినా స్పానిష్ భాషలో నేను చేసిన ఒక తప్పు ఎంత పెద్దదో నాకు తెలిసివచ్చింది ఆమె మూలంగానే.

మన ప్రాంతానికి స్పానిష్ ఎక్కడిది అని మీరు అడగవచ్చు. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించారు. 2009లో కన్నుమూసేవరకు అక్కడే ఉండిపోయారు. ఆ సంస్థ పల్లెటూరి పట్టభద్రుల కొరకు నడిపిన విదేశీ భాషల బడిలో నేను 2014లో చేరాను. చెనిక్కాయ పంట రెండేళ్లు వరుసగా పోయిన ఇల్లు మాది. ఏ భాష నేర్చుకుంటే ఏం, ఉద్యోగం వస్తే చాలు అన్నదే అప్పటి నా ఆలోచన.

ఆ సంవత్సరమే మా నాయనకు జబ్బు చేసింది. మదనపల్లె, కదిరి మీదుగా బత్తలపల్లి ఆసుపత్రికి తీసుకువచ్చాము. స్పెయిన్ నుండి కొద్ది వారాల సేవకు వచ్చిన ఒక నర్సమ్మ ఆయన వార్డులో ఉండేది. తెలుగు ఒక్క ముక్క రాదు. రాత్రి వెళ్లబోయే ముందు నాయన దుప్పటి సరిచేసి, "కే దుయెర్మా బియెన్" అనేది. పదకొండు రాత్రులు విన్నాను. బాగా నిద్రపోవాలి అని దాని భావం. నాయనకు మాట అర్థం కాకపోయినా, "సరే బిడ్డా" అని కళ్లు మూసుకునేవారు.

ఆమె తన దేశానికి వెళ్లేముందు ఒకరోజు మా పల్లెకు వచ్చింది. అమ్మ సంగటి ముద్ద, చెనిక్కాయల చట్నీ పెట్టింది. ముద్ద ఎలా తుంచాలో నాయనే మంచం మీద నుండి చేసి చూపించారు. ఆగస్టులో నాయన ప్రభువునందు నిద్రించారు.

నవంబరులో అమ్మ నన్ను కూర్చోబెట్టి, "ఆ బిడ్డకు జాబు రాయి. క్రిస్మస్‌కు మళ్లా రావల్ల అని అమ్మ చెప్తా ఉందని రాయి" అంది.

ఇక్కడ కొంచెం వ్యాకరణం చెప్పక తప్పదు, ఓపిక పట్టండి. తిరిగి రావడాన్ని స్పానిష్‌లో "బోల్బేర్" అంటారు. అయితే "ఆమె తిరిగి వస్తుంది" అనేటప్పుడు ఆ "బోల్" కాస్తా "బుయెల్" అవుతుంది, "బుయెల్బే" అనాలి. మాటలో ఊనిక ధాతువు మీద పడితే అది ఇలా మారుతుంది. "మనం తిరిగి వస్తాము" అన్నప్పుడు ఊనిక చివరికి జారుతుంది గనుక ధాతువు మళ్లీ "బోల్" అయి కూర్చుంటుంది. ఇది మాకు తరగతిలో పెద్ద తలనొప్పి. నిజానికి మనం నవ్వడానికి లేదు. మన "వచ్చు" మాత్రం తక్కువదా? వచ్చాడు, వస్తాడు అంటాము. అదే రావాలి, రాకూడదు అనేటప్పుడు "వచ్చు" జాడ కూడా ఉండదు. తెస్తాడు, తేవాలి. చస్తాడు, చావకూడదు. తల్లిపాలతో వచ్చింది గనుక మనకు కష్టం తెలియదు. మదనపల్లెలో 1908లో కన్నుమూసిన డాక్టరు జేకబ్ చాంబర్లేన్ దొరగారు తెలుగు బైబిలు సవరణ పనిలో ఏళ్లు గడిపినవారు. ఈ "వచ్చు", "రా"ల దగ్గర ఆయన ఎన్నిసార్లు తల పట్టుకున్నారో!

జరిగేది చెప్పడానికి ఒక రూపం, జరగాలని కోరడానికి మరొక రూపం ఉండడం కూడా రెండు భాషల్లోనూ ఉన్నదే. ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనం మూడు చోట్ల "గాక" అంటాము. ఆ మూడు చోట్లా స్పానిష్ వారి ప్రార్థనలో క్రియ కోరిక రూపంలోనే ఉంటుంది. "బుయెల్బే" అంటే వస్తుంది, లేక మర్యాదగా, మీరు వస్తారు. చివరి అక్షరం మారి "బుయెల్బా" అయితే, రావాలి.

నేను కష్టమైన "బుయెల్" సరిగ్గా వ్రాశాను. ఆ సంతోషంలో సులువైన చివరి అక్షరం దగ్గర తప్పిపోయాను. "మీరు క్రిస్మస్‌కు తిరిగి వస్తున్నారని అమ్మ చెబుతోంది" అని వెళ్లింది జాబు. వాక్యంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అదే చిక్కు. అసలే తప్పుగా ఉంటే ఆమె నవ్వుకుని సరిచేసి చదువుకునేది.

జనవరిలో జవాబు వచ్చింది. "నేను మీ అమ్మగారికి అలా మాట ఇచ్చానా? నాకు జ్ఞాపకం లేదు, క్షమించండి. మా అమ్మ మంచాన పడింది. రాత్రిళ్లు నిద్ర లేదు. ఆమెను విడిచి రాలేను. భర్త పోయిన మీ అమ్మను పండుగనాడు ఎదురుచూసేలా చేశానే" అని రెండు పేజీలు.

చదివి వినిపించేసరికి అమ్మ ముఖం మారిపోయింది. "నేను మాట అడిగినానా? అప్పు ఇచ్చినోళ్ల మాదిరి అడిగినట్టయింది గదా! నేను ఆశపడినాను, అంతే" అంది. ఆ రోజు అన్నం ముట్టలేదు. నా తప్పు అని చెప్పాను. "నువ్వు చదువుకున్నదానివి" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది.

మరుసటి రోజు తనే పిలిచింది. "వాళ్లమ్మ సంగతి ముందు రాయి. నా సంగతి తర్వాత" అంది. ఏమని వ్రాయమంటావు అంటే కాసేపు ఆలోచించి, "మీ అమ్మ బాగా నిద్దర పోవల్ల అని రాయి" అంది.

ఆ వాక్యానికి నాకు పుస్తకం అవసరం లేకపోయింది. "దోర్మీర్" అనే ధాతువు ఎక్కడ "దుయెర్" అవుతుందో, చివర ఏ అక్షరం రావాలో చూసుకోలేదు. పదకొండు రాత్రులు విన్న మాట అది.

తర్వాత నా తప్పు ఒప్పుకుని, మొదటి జాబులోని వాక్యమే సరిచేసి వ్రాశాను. కవరు అంటించబోతుంటే అమ్మ ఆపింది. "ఏదీ ఆ అక్షరం, చూపించు" అంది. "బుయెల్బా" చివరన చూపించాను. దాని మీద వేలు పెట్టి కాసేపు అలాగే చూసింది.

"ఇంతేనా" అంది. తర్వాత వేలు తీసి, "పోయి పెట్టిరా, పోస్టు కట్టేస్తారు" అంది.