మేటడోర్‌లో మారేడుమిల్లి

హీరోగారి కేరవాన్‌ని మీలో చాలామంది చూసే ఉంటారు. షూటింగు స్పాట్‌లో చెట్టు నీడన తెల్లగా మెరిసిపోతూ, లోపల ఏసీ, సోఫా, అద్దం చుట్టూ బల్బులు... తలుపు దగ్గర కాపలాగా ఒక అసిస్టెంటు. మనలాంటి వాళ్ళకి ఆ తలుపు తెరుచుకోదు. అందుకని నేను మా బాబాయి కేరవాన్ ఎక్కాను!

బాబాయి దాన్ని కేరవాన్ అంటాడు. పిన్ని ‘ఇనప కొట్టు’ అంటుంది. ఆర్‌సీ బుక్కులో మాత్రం టెంపో మేటడోర్, 1996 మోడలు అని ఉంటుంది. జర్మనీలో పుట్టిన డిజైను, పూణేలో బజాజ్ టెంపో వారి తయారీ. ఆ కంపెనీ పేరు 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది. ఒకప్పుడు మన ఊళ్ళల్లో పెళ్ళివారు దిగినా, స్కూలు పిల్లలు దిగినా, సినిమా యూనిట్ దిగినా ఈ బండిలోంచే దిగేవారు. ఇంజను డ్రైవరు సీటుకీ పక్క సీటుకీ మధ్యన మూత కింద ఉంటుంది గనక చలికాలంలో హీటరు. ఎండాకాలంలో కూడా హీటరే!

మా బాబాయి 1979 నుంచి సినిమా వాళ్ళ బళ్ళు తోలాడు. మద్రాసు నుంచి గోదావరి జిల్లాలకి ఔట్‌డోర్ వచ్చే యూనిట్లు, కెమెరా పెట్టెలు, రిఫ్లెక్టర్లు, జనరేటరు... అవన్నీ చూసినవాడు. చివరికి తను తోలిన బండినే 2008లో ఆ నిర్మాత అమ్ముతుంటే కొనుక్కున్నాడు. వెనక రెండు వరుసల సీట్లు పీకించాడు. చెక్కబల్ల మంచం, దాని కింద నీళ్ళ డ్రమ్ము, 5 కిలోల గ్యాస్ బండ, ఒక పొయ్యి, ఒక కుర్చీ. అదీ కేరవాన్.

సరే, అసలు సంగతికొస్తాను. 2024 సంక్రాంతికి నేను కొవ్వూరు వెళ్ళేసరికి ఇంట్లో యుద్ధం నడుస్తోంది. బాబాయికి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. వయసు అరవై ఏడు. చేతి వేళ్ళ కీళ్ళు వాచి ఉన్నాయి. పాత బండికి ఐదేళ్ళకోసారి ఇన్‌స్పెక్షను చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ప్రతిసారీ ఏదో ఒకటి మార్చాలి, డబ్బు పొయ్యాలి. “అమ్మెయ్యి, పాత ఇనుము వాడైనా ఎంతో కొంత ఇస్తాడు” అని పిన్ని. చివరికి ఇద్దరూ ఒక పందెం మీద ఆగారు. బండి మారేడుమిల్లి ఘాట్ ఎక్కి దిగి, ఇంకో బండి సాయం లేకుండా ఇంటికొస్తే ఉంటుంది. దారిలో లారీకి కట్టి లాక్కొచ్చారో, ఆ లారీ అటునుంచి అటే పాత ఇనుము కొట్టుకి పోతుంది. తోడుగా నేను.

బయల్దేరే ముందురోజు సామాన్ల పెట్టె తీశాడు బాబాయి. మన సినిమాల్లో ఇనప్పెట్టె తెరిస్తే నగలు కనిపిస్తాయి. ఇందులో ఏమున్నాయో వినండి. రేడియేటరు హోసులు పైదీ కిందదీ, వాటి క్లిప్పులు, డీజిల్ ఫిల్టరు, రెండు హీటర్ ప్లగ్గులు, ఫ్యూజులు, హెడ్‌లైటు బల్బు, బ్రేక్ ఆయిలు, ఇంజను ఆయిలు, బైండింగు వైరు, పాత సైకిలు ట్యూబు, జాకీ, పానాల సెట్టు... ఒక బట్టల సబ్బు! సబ్బెందుకు బాబాయ్ అంటే, “డీజిల్ ట్యాంకుకి రాయి తగిలి చెమ్మ కారితే సబ్బు అరగదీసి నొక్కితే ఆగుద్దిరా. షెడ్డుకి చేరేదాకా చాలు” అన్నాడు. సైకిలు ట్యూబు హోసు పగిలినప్పుడు చుట్టడానికట. పట్టిసీమ దగ్గర ఒక షూటింగులో సాయంత్రం ఎండ దిగిపోతుండగా జనరేటరు హోసు పగిలితే, ఈ ట్యూబు ముక్కే కట్టి అరగంట నడిపించాడట. హీరోయిన్ కాల్‌షీటు ఆ రోజుతో ఆఖరు. ఆ అరగంటలో సీను అయిపోయింది. ఏ సినిమా అంటే మాత్రం చెప్పడు. “పేరు నీకెందుకు, హోసు సంగతి రాసుకో” అంటాడు!

హోసుల్ని నేను చేత్తో వంచి చూశాను. మడత దగ్గర సన్నగా నెర్రెలు. ఎప్పుడు కొన్నావంటే 2012లో అన్నాడు. రబ్బరు వాడినా ముసలిదవుతుంది, వాడకుండా పెట్టెలో పెట్టినా ముసలిదవుతుంది. ఈ ఒక్క విషయంలో నాదే పైచెయ్యి అయింది. ఇంజను మెర్సిడిస్ వాళ్ళ డిజైను. అదే కుటుంబం ఇంజను కంపెనీ వాళ్ళ తర్వాతి బళ్ళలో కూడా వచ్చింది గనక ఇంజను సామాను ఇప్పటికీ దొరుకుతుంది. (తలుపు అద్దమో, ముందు చక్రాలకి వెళ్ళే షాఫ్టో పోయిందనుకోండి, అప్పుడు పాత బళ్ళు విప్పి అమ్మే కొట్ల చుట్టూ ప్రదక్షిణాలే.) రాజమండ్రి వెళ్ళి కొత్త హోసులు తెచ్చాం. ఫ్యాన్‌బెల్టులు మాత్రం నేను హైదరాబాదు నుంచే తెచ్చాను, ఒకే కొట్లో రెండు. ఒకటి బండికి, ఒకటి పెట్టెలోకి. ధర తక్కువని సంబరపడ్డానని కూడా ఒప్పుకోవాలి.

ఇక్కడే గొడవ. బండికున్న పాత బెల్టు మూడేళ్ళనాటిది. అయినా అంచులు బాగానే ఉన్నాయి. “కొత్తది ఎక్కించి, నడుస్తున్న పాతదాన్ని స్పేరుగా పెట్టుకోవాలిరా. అది ఈ పుల్లీల మీద తిరిగిందని మనకి తెలుసు. పెట్టెలోని కొత్తదాని గుణం మనకేం తెలుసు? రెండో కొత్తది కూడా ఒకసారి ఎక్కించి చూడు” అన్నాడు బాబాయి. కవరు మీద నంబరు ఒకటే, కొట్టు ఒకటే, మళ్ళీ విప్పి బిగించడం దేనికన్నాను. పాతది తీసి పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లోకి గిరాటేశాను. బాబాయి ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. రాజమండ్రి వంతెన ఎక్కకుండా బండి ముందు పోలవరం రోడ్డు పట్టింది. కుమారదేవంలో చెట్టుని చూడకుండా బాబాయి ఎటూ వెళ్ళడు. సినిమా చెట్టు అంటారు దాన్ని. గోదావరి ఒడ్డున నిద్రగన్నేరు, ఊరంత గొడుగు. 1976లో వచ్చిన ‘పాడిపంటలు’ మొదలు వందలకొద్దీ సినిమాల్లో కనిపించిన చెట్టు. పంచాయితీ సీనైనా, ప్రేమ సీనైనా, పాటైనా ఆ నీడే. బాబాయి బండి ఆపి, తిన్నగా ఒక వేరు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. తన బండి ఎప్పుడూ అక్కడే పెట్టేవాడట, కెమెరాకి అడ్డం రాని మూల. కేరవాన్లు లేని రోజుల్లో పెద్ద పెద్ద తారలు కూడా ఈ చెట్టు కిందే మడత కుర్చీలు వేసుకుని అన్నాలు తినేవారట. పొయ్యి దింపి టీ కాచాం. ఆ చెట్టు 2024 ఆగస్టులో వరదల సమయంలో కూలిపోయింది. ఆ వార్త చూసి నేను ఫోన్ చేస్తే బాబాయి చాలాసేపు బండి గురించే మాట్లాడాడు.

తర్వాత వెనక్కి వచ్చి 1974 నాటి రోడ్డు-రైలు వంతెన మీదుగా గోదావరి దాటాం. పైన మనం, కింద రైలు. గోకవరం దాటి రంపచోడవరం వైపు తిరిగేటప్పుడు ప్రతి మలుపులోనూ బాబాయి కిటికీ అద్దం దించి చెవి బయట పెట్టేవాడు. ఈ బండికి లాగేది ముందు చక్రాలు. ఆ షాఫ్టు చివర రబ్బరు తొడుగు చిరిగిందంటే గ్రీజు బయటికి, దుమ్ము లోపలికి. అప్పుడు స్టీరింగు తిప్పగానే ‘టక్... టక్... టక్’ మంటుంది. ఆ టక్కు వినిపిస్తే ఘాట్ ఎక్కకూడదని ఆయన లెక్క. వినిపించలేదు.

మారేడుమిల్లిలో బొంగు చికెన్ తిన్నాం. దాని గురించి అందరూ రాస్తారు, నేను రాయను. 2021లో ‘పుష్ప’ వచ్చాక ఈ అడవికి వచ్చే కుర్రకారు మరీ పెరిగారు. రోడ్డు పక్కన భుజం ఎత్తి ఫోటో దిగుతున్న వాళ్ళని మేము దాటుకుంటూ వెళ్ళాం.

అసలు పరీక్ష మారేడుమిల్లి దాటాకే. చింతూరు వైపు ఘాట్ రోడ్డు. రెండు పక్కలా వెదురు పొదలు, ఎదురుగా ఏ మలుపులో ఏ లారీ వస్తుందో తెలియదు. సెకండు గేరులో మూలుగుతూ ఎక్కుతోంది బండి. ఒక మలుపులో ఎక్కడో ‘ఫట్’ మన్నట్టయింది. డాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలిగింది. బాబాయి చూడలేదు. రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు మరి. “బాబాయ్, చార్జింగు లైటు!” అన్నాను. హీటు మీటరు ముల్లు అప్పటికే కదలడం మొదలైంది. పక్కకి తీసి ఇంజను ఆపేశాడు. మూత ఎత్తితే కొత్త ఫ్యాన్‌బెల్టు పీలికలు పీలికలుగా వేలాడుతోంది. బెల్టు లేకపోతే డైనమో తిరగదు, వాటర్ పంపు తిరగదు. నీళ్ళు తిరక్కపోతే ఇంజను నిమిషాల్లో మాడిపోతుంది. ఆ రెండు నిమిషాలు ఆలస్యమై ఉంటే బండికీ బాబాయికీ అక్కడే సెలవు.

ఫరవాలేదు, ఇంకోటి ఉందిగా అనుకున్నాను. పెట్టెలోంచి తీసి పుల్లీల మీదికి లాగితే అంగుళం పొట్టి! కవరు మీద నంబరు ఒకటే. బెల్టు మీద అచ్చేసిన నంబరు వేరే. అది నేను చదవలేదు. సెల్‌ఫోనులో సిగ్నలు లేదు. నా మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. పందెం బాబాయిది, ఓడించబోయేది నేను.

2006లో వచ్చిన ‘లిటిల్ మిస్ సన్‌షైన్’ అనే అమెరికన్ సినిమా చూశారా? పసుపుపచ్చ ఫోక్స్‌వ్యాగన్ వ్యానుకి క్లచ్ పోతుంది. ఇంటిల్లిపాదీ తోసి, పరిగెత్తుకుంటూ ఎక్కుతారు. హాల్లో పగలబడి నవ్వే సీను అది. మాకు ఆ సదుపాయం కూడా లేదు. ఘాట్ మీద ఎగువకి తోసేది ఎవరు? నేనూ, కీళ్ళ నొప్పుల బాబాయా?

ఇంతలో ఒక లారీ ఆగింది. డ్రైవరు తల బయట పెట్టి, “తాడుందా పెద్దాయనా, చింతూరు దాకా లాగమంటారా?” అన్నాడు మర్యాదగా. నేను నోరు తెరిచేలోగా బాబాయి, “అబ్బే, అక్కర్లేదు బాబూ, టీ కాసుకుందామని ఆగాం!” అన్నాడు. ఇంజను మూతలోంచి పొగలు వస్తున్నాయి. లారీ డ్రైవరు ఆ పొగల వంకా మా వంకా చూసి వెళ్ళిపోయాడు.

లారీ మలుపు తిరిగాక బాబాయి మంచం కింద చెయ్యిపెట్టి న్యూస్‌పేపరు పొట్లం ఒకటి తీశాడు. విప్పితే నేను కరివేపాకు చెట్టు కిందికి గిరాటేసిన పాత బెల్టు! తుడిచి, పౌడరు రాసి మరీ చుట్టిపెట్టాడు.

“నువ్వే ఎక్కించు. నా వేళ్ళు ఆ బోల్టుని పట్టవు” అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ బండి మీద నన్ను ఒక్క బోల్టు ముట్టుకోనివ్వలేదాయన. కొవ్వూరులో బెల్టు మార్చినప్పుడు కూడా నేను పానాలు అందించానంతే, తిప్పింది ఆయనే.

ముందు నలభై నిమిషాలు చల్లారనిచ్చాం. వేడి మీద రేడియేటరు మూత తిప్పితే మరిగిన నీళ్ళు మొహం మీదికి చిమ్ముతాయి. ఆ తొందర మాత్రం ఎవరూ పడకండి. తర్వాత డైనమో బోల్టులు వదులు చేసి, లోపలికి నెట్టి, బెల్టు వేసి, జాకీ రాడ్డుతో డైనమోని బయటికి ఎత్తిపట్టి బిగించాలి. చెప్పడానికి ఒక్క వాక్యం. మూడు చేతులున్న వాడు చెయ్యాల్సిన పని! రాడ్డు జారి రెండుసార్లు వేళ్ళు చెక్కుకుపోయాయి. బాబాయి టార్చి పట్టుకుని మెల్లగా చెబుతున్నాడు. “ఇంకొంచెం... బొటనవేలితో నొక్కు. అరంగుళం దిగాలి. ఎక్కువ బిగిస్తే బేరింగు పోద్ది, తక్కువైతే జారిపోద్ది... ఆఁ, అదీ.”

స్టార్ట్ చేశాడు. ఎర్రలైటు ఆరిపోయింది. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా, తగ్గిన నీళ్ళు కొంచెం కొంచెంగా పోశాం. వేడెక్కిన ఇంజనులో చన్నీళ్ళు ఒక్కసారిగా పోస్తే హెడ్డు పగిలే ప్రమాదముంది. ఇద్దరం అయిదు నిమిషాలు మాట్లాడకుండా ఆ బెల్టు తిరగడాన్నే చూస్తూ నిలబడ్డాం. పెద్ద సినిమా మొదటి ఆట క్లైమాక్సుకి కూడా నేనంత ఊపిరి బిగబట్టలేదు.

ఆ రాత్రి సోకులేరు వాగుకి కాస్త ఇవతల, నాలుగిళ్ళున్న చోట బండి ఆపుకుని పడుకున్నాం. ఆ చలికి, ఇంకా వెచ్చగా ఉన్న ఇంజను మూత మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఏ ఏసీ కేరవాన్ పనికొస్తుంది చెప్పండి! మర్నాడు దిగుబడిలో స్టీరింగు నాకిచ్చాడు. “బ్రేకు మీద నిలబడకు, గేరులో దించు” అన్నాడు. అంతే, మళ్ళీ మలుపుల దగ్గర చెవి కిటికీలో పెట్టుకుని కూర్చున్నాడు.

కొవ్వూరులో ఇంటి ముందు హారన్ కొట్టగానే పిన్ని గేటు దగ్గరికొచ్చింది. ముందు బండి వెనకాలకి చూసింది, తాడేమైనా ఉందేమోనని.

“దారిలో ఎక్కడైనా ఆగిందా?”

బాబాయి నా వంక చూశాడు.

“టీకి ఆగాం పిన్నీ” అన్నాను.

పిన్ని నా చేతుల వంక చూసింది. మోచేతుల దాకా నల్లటి మడ్డి, రెండు వేళ్ళకి గుడ్డ పీలికలు.

“ఏ పొయ్యి మీద కాచారేంటి ఆ టీ?” అని, “నూతి దగ్గర సబ్బు లేదు, మీ పెట్టెలోది తీసుకో” అంటూ లోపలికి వెళ్ళిపోయింది.